బండి తగిలిన తర్వాత: కొత్తగా కారు తీసుకున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కారు కొన్నావు, లైసెన్సు చేతికొచ్చింది, సంతోషం. జాగ్రత్తగా నడపమని ఇంటిల్లిపాదీ చెప్పే ఉంటారు, ఆ మాట మళ్లీ నేను చెప్పను. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు తగులుతుంది. నువ్వు గుద్దకపోతే ఎవడో వచ్చి నిన్ను గుద్దుతాడు. గుద్దుకున్నప్పుడు పోయేదానికంటే, ఆ తర్వాత గంటలో కంగారుపడి చేసే పనుల వల్ల పోయేదే ఎక్కువ. ఆ గంట గురించే ఈ ఉత్తరం. చివర్లో చలానాల సంగతి కూడా రాస్తాను.

తగిలిన వెంటనే బండి ఆపు. చిన్న గీతే కదా అని ముందుకు పోవద్దు. చిన్న తప్పు పెద్ద కేసయ్యేది అక్కడే. ఇంజన్ ఆపి, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే స్విచ్ నొక్కు. హైవే మీదైతే డిక్కీలో ఉన్న ఎర్ర త్రికోణం బోర్డును కనీసం 50 మీటర్లు వెనక్కి నడిచి పెట్టిరా. బండి వెనకాలే ఆనించి పెడితే, వేగంగా వచ్చే లారీవాడికి అది కనిపించేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. లోపలున్నవాళ్లందరినీ దింపి రోడ్డుకు ఎడమ పక్కన, వీలైతే రెయిలింగ్ అవతల నిలబెట్టు. రెండు బండ్ల మధ్య నిలబడి వాదించుకునేవాళ్లను మూడో బండి గుద్దడం మన రోడ్ల మీద మామూలే.

ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108కి, పోలీసులు కూడా కావాలంటే 112కి ఫోన్ చెయ్యి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. చుట్టూ చేరినవాళ్లు అతన్ని లేపి కూర్చోబెట్టి మొహాన నీళ్లు కొట్టి, తాగడానికి సీసా అందిస్తారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ తాగనివ్వకు. స్పృహ సరిగా లేనివాడికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పైగా ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టు. తడిసిందని ఆ గుడ్డ తీయకు, దాని మీదే ఇంకోటి పెట్టు. బైకు మీంచి పడినవాడికి ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ లాగొద్దు. మెడ ఎముక కదిలి ఉంటే ఆ లాగుడుకే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు.

గాయపడ్డవారిని దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. డబ్బులెవరు కడతారని ఆలోచిస్తూ నిలబడొద్దు. 2025లో వచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా, గుర్తించిన ఆస్పత్రుల్లో నగదు కట్టకుండా వైద్యం దొరుకుతుంది. తప్పు ఎవరిదన్నది అక్కడ అడగరు.

జనం పోగై చేయి చేసుకునేలా ఉంటే అక్కడ ఉండొద్దు. ఈ సంగతి చాలామందికి తెలియదు. గుంపు కోపం వల్ల ఆస్పత్రికి తీసుకెళ్లలేకపోతే అది తప్పు కాదని అదే 134వ సెక్షన్‌లో ఉంది. కానీ అక్కడి నుంచి ఇంటికి కాదు, నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పు. చట్టం ఇచ్చిన గడువు 24 గంటలు, నువ్వు మాత్రం అరగంటలో వెళ్లు. స్టేషన్‌లో నీ పేరు ఎంత తొందరగా ఎక్కితే, పారిపోయాడన్న మాట అంత బలహీనపడుతుంది.

గాయాలేవీ లేకపోతే బండ్లు కదపకముందే ఫోను తీయి. ముందు దూరం నుంచి రెండు బండ్లూ, రోడ్డూ, సిగ్నలూ కలిసి పడేలా నాలుగు వైపుల నుంచి ఫొటోలు. తర్వాత దగ్గర నుంచి నంబరు ప్లేట్లు, దెబ్బలు, రోడ్డు మీద టైరు గీసుకుపోయిన మరకలు, అద్దం పెంకులు పడ్డ చోటు. పెంకులు ఏ లేన్‌లో పడ్డాయో చూస్తే ఎవరు ఎవరి వైపుకు వచ్చారో తెలిసిపోతుంది, బండ్లు పక్కకు తీశాక మిగిలే సాక్ష్యం అదొక్కటే. అవతలివాళ్ల ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు ఫొటో తీసుకో, నీవీ చూపించు. డాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్ అప్పుడే లాక్ చెయ్యి, లేకపోతే కార్డు నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. ఇవన్నీ అయ్యాక బండ్లు పక్కకు తీసి దారి ఇవ్వండి.

ఇక అందరూ చేసే ఖరీదైన తప్పు. ముందు భాగం గట్టిగా తగిలింది, బంపర్ వేలాడుతోంది, కానీ ఇంజన్ స్టార్ట్ అవుతోంది. 'షెడ్డు నాలుగు కిలోమీటర్లే కదా' అని నడుపుకుంటూ పోతారు. వద్దు. బంపర్ వెనకాలే రేడియేటర్ ఉంటుంది. బానెట్ ఎత్తి చూడు, ఎత్తలేకపోతే వంగి బండి కింద చూడు. పచ్చగానో, గులాబీ రంగులోనో, జిగటగా నీళ్లలాంటిది కారుతుంటే అది కూలెంట్. అది లేకుండా నడిపితే ఇంజన్ వేడెక్కి హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ పోతుంది. స్పీడ్ బ్రేకర్‌కో రాయికో కింద తగిలి నల్లగా చిక్కగా కారుతుంటే ఛాంబర్, అంటే ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి పగిలినట్టు. ఆయిల్ ఎర్ర లైటు వెలిగాక నడిపితే ఎంతో దూరం పోకుండానే ఇంజన్ పట్టేస్తుంది. దెబ్బకు పగిలిన రేడియేటర్‌కూ ఛాంబర్‌కూ ఇన్సూరెన్సు కంపెనీ డబ్బిస్తుంది. ఆ తర్వాత నువ్వు నడిపినందుకు పోయిన ఇంజన్‌కు ఇవ్వదు, అది ప్రమాదంలో పోలేదు, నీ చేతుల్లో పోయిందంటుంది. ఆ మాట కాదనడం కష్టం. పాలసీలో టోయింగ్ ఉందేమో చూసుకుని లాగించు. ఆటోమేటిక్ కారైతే తాడు కట్టి లాగనివ్వకు, బండి మొత్తం ట్రక్కు మీదికి ఎక్కించమను.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. 'దెబ్బ తగిలిందా అండీ' అని అడుగు, ఆసరా ఇవ్వు. అంతేగానీ 'తప్పంతా నాదే, ఖర్చంతా నేనే పెట్టుకుంటా' అని కాగితం మీద రాసివ్వకు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం చేయరాదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఎవరికైనా గాయమైతే నలుగురు పెద్దమనుషులు కూర్చుని చేసే రాజీ నిలవదు. వారం తర్వాత కాలు నొప్పి ముదిరితే కేసు వస్తుంది, నీ దగ్గర ఫొటో ఉండదు, రిపోర్టూ ఉండదు.

ఉత్త గీతలే అయితే అక్కడికక్కడే తేల్చుకోవడంలో తప్పులేదు. క్లెయిమ్ వేయాలా వద్దా అన్నది కోపంతో కాదు, లెక్కతో తేల్చు. మాటవరసకు బిల్లు 7,000 అనుకుందాం: బంపర్ 4,000, పెయింటింగ్ 2,400, బిగింపు 600. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ప్లాస్టిక్ సామానుకు 50 శాతం తరుగు, అంటే బంపర్‌కు వచ్చేది 2,000. పెయింటింగ్ బిల్లులో 25 శాతాన్ని రంగు సామాను ఖర్చుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అంటే 300 పోయి 2,100 వస్తుంది. బిగింపు 600 కలిపితే 4,700. అందులో 1500 సీసీ లోపు కారుకు నువ్వు తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన 1,000 తీసేస్తే చేతికి 3,700. ఇప్పుడు పోయేది చూడు. ఓన్ డ్యామేజ్ (నీ కారు దెబ్బలకు కట్టే) ప్రీమియం 8,000 ఉండి, క్లెయిమ్ వేయనందుకు దాంట్లో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, వచ్చే ఏడాది నీకు 35 శాతం రావాల్సి ఉంటే 2,800 పోయింది. ఆపై ఏడాది 45 శాతం రావాల్సింది 20తో మొదలవుతుంది, ఇంకో 2,000. మొత్తం 4,800 పోగొట్టుకుని 3,700 తెచ్చుకున్నట్టు. బంపర్ టు బంపర్ పాలసీ ఉంటే తరుగు ఉండదు గానీ ఆ వెయ్యీ కట్టాల్సిందే, బోనసూ పోతుంది. అదే లోహపు భాగాలు, లైట్లు, ఎయిర్‌బ్యాగులు పోయి బిల్లు పదివేలు దాటి పరిగెడుతుంటే ఆలోచించకుండా క్లెయిమ్ వెయ్యి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టంగా లెక్కగడతారు. అప్పుడు షెడ్డువాళ్ల ఎస్టిమేట్‌లో ప్రతి వరుసా చదువు.

క్లెయిమ్ వేస్తే అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి నంబరు తీసుకో. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకు. 'విప్పి చూస్తేగానీ తెలియదు' అంటాడు మెకానిక్. నిజమే, కానీ ఆ విప్పడం సర్వేయర్ ఎదుట జరగాలి. నడిపింది ఎవరో ఉన్నది ఉన్నట్టు చెప్పు. లైసెన్సు లేని తమ్ముడు నడిపి, నువ్వు నడిపినట్టు రాస్తే, సీసీ కెమెరా ఒక్కటి చాలు క్లెయిమ్ పోయి మోసం కేసు మెడకు చుట్టుకోవడానికి. మైనరు నడిపి ఉంటే బండి యజమానికీ తల్లిదండ్రులకూ 25,000 జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు.

గాయమో ప్రాణనష్టమో జరిగి కేసు కడితే బెదిరిపోకు. నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది, అయినా అది బెయిల్ ఇవ్వదగ్గ నేరమే. నోటీసు ఇస్తే తీసుకుని చెప్పిన తేదీకి వెళ్లు, లాయరును వెంటబెట్టుకో. బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేస్తాడు. తనిఖీ పూర్తయ్యాక స్టేషన్‌లో ఇవ్వకపోతే కోర్టులో అర్జీ పెట్టి తాత్కాలికంగా విడిపించుకోవచ్చు. థర్డ్ పార్టీ పాలసీ (అవతలివాళ్ల నష్టానికి తీసుకునేది) బతికి ఉంటే బాధితులకు ప్రమాద కేసుల ట్రిబ్యునల్ చెప్పే పరిహారం కంపెనీ కడుతుంది. ఒక్క రోజు గడువు దాటినా అది నీ ఇంటి మీద పడుతుంది. అవతలి ఆస్తి నష్టానికి మాత్రం కంపెనీ కట్టేది 7.5 లక్షల వరకే. నువ్వే గాయపడి, గుద్దినవాడి ఆచూకీ దొరక్కపోతే వదిలేయకు. గుద్ది పారిపోయిన కేసుల్లో తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల పరిహారం ఉంది, ఎఫ్ఐఆర్ ఉంటేనే ముందుకు కదులుతుంది.

చలానాల సంగతి. పోలీసు ఆపితే ఎడమ పక్కకు తీసి ఇంజన్ ఆపు. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపించిన ఆర్సీ, లైసెన్సు చట్టప్రకారం అసలువే. గ్యాలరీలో ఉన్న ఫొటో మాత్రం చెల్లదు. లైసెన్సు తీసుకుంటే దానికి రసీదు ఇవ్వాలి, అడిగి తీసుకో. డబ్బు కడితే చలానా నంబరున్న రసీదు లేకుండా కదలకు. సీటు బెల్టుకు 1,000, వేగానికి 1,000 నుంచి 2,000, చేత్తో ఫోను పట్టుకుని నడపడం, సిగ్నల్ దాటడం లాంటివి ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తాయి, 1,000 నుంచి 5,000. కొన్ని రాష్ట్రాలు రాజీ రుసుము (కోర్టుకు వెళ్లకుండా కట్టే మొత్తం) వేరుగా పెట్టుకున్నాయి కాబట్టి తేడా చూసి గొడవపడకు. తాగి నడిపితే మొదటిసారి 10,000 జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చాలు. అది రోడ్డు మీద తెగదు, కోర్టుకు వెళ్లాల్సిందే.

కెమెరా చలానా వస్తే ముందు ఫొటో తెరిచి చూడు. నంబరు నీదే, బండి నీది కాకపోవచ్చు, రంగు, మోడలు పోల్చు. ఎవడో నీ నంబరు పెట్టుకు తిరుగుతుంటే సైటులోనే ఆర్సీ, బండి ఫొటోలు జతచేసి ఫిర్యాదు పెట్టు, స్టేషన్‌లోనూ రాసివ్వు. కట్టి ఊరుకుంటే రేపు వాడు గుద్దిన కేసూ నీ తలుపు తడుతుంది. వాట్సాప్‌లో చలానా అంటూ ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించేది) వస్తే ముట్టుకోకు, ఫోను వాళ్ల చేతికి పోతుంది. చలానా సరిగ్గానే ఉంటే కాగితం మీదున్న గడువులోగా కట్టు. పేరుకుపోయినవి బండి అమ్మేటప్పుడు ఎదురొస్తాయి.

నువ్వు కొన్నది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఇంకొక్క పని ఈ వారమే చెయ్యి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు నీ పేరుకు మార్చమని కంపెనీకి రాతపూర్వకంగా అడగాలి. ఆర్సీ మారి పాలసీ పాత యజమాని పేరు మీదే ఉంటే, నీ కారు దెబ్బతిన్నప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ వేయడానికి నీకు హక్కు ఉండదు. బండి పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30ల నకళ్లు, కొత్త ఆర్సీ కాపీ పట్టుకెళ్లు. పాత ఓనరు తన నో క్లెయిమ్ బోనస్ తనతో తీసుకుపోతాడు, ఆ తేడా ప్రీమియం నిన్ను కట్టమంటారు, కట్టేసెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య