కొత్త బ్యాటరీ కూడా దిగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: సార్, మాది 2005 మోడల్ కారు, చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. రెండు రోజులు తీయకపోతే సెల్ఫ్ కొట్టట్లేదు, కొత్త 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంట్ దాచుకోగలదో చెప్పే లెక్క) బ్యాటరీ వేయించినా అంతే.

జవాబు: ఇంకో బ్యాటరీ మాత్రం కొనకండి, ఎక్కడో కరెంట్ లాగేస్తోంది. కీ తీసేసి, డోర్లన్నీ వేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్ (కరెంట్ కొలిచే మీటర్) 10 ఆంప్స్‌లో పెట్టి అరగంట ఆగి చూడండి, సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ పోతుంది. 50 మిల్లీఆంప్స్ లోపుంటే ఫర్వాలేదు. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కోటీ పీకండి, ఏది పీకితే రీడింగ్ పడిపోతుందో ఆ లైన్లోనే దొంగ ఉన్నట్టు. ముందు డిక్కీ లైటు చూడండి, డిక్కీ తెరవగానే బల్బు ముట్టుకుంటే వేడిగా ఉందంటే డిక్కీ మూసినా లైటు ఆరట్లేదు, దాని స్విచ్ పోయినట్టే. 5 వాట్ల బల్బే కదా అనుకోకండి, రెండు రోజుల్లో 20 ఏహెచ్ తాగేస్తుంది, మీ బ్యాటరీలో సగం పైనే. అది కాకపోతే బయట పెట్టించిన స్టీరియో వైరింగ్ చూపించండి.