వరద ఊళ్ళకి వెళ్తున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వూ మీ ఫ్రెండ్సూ వ్యాన్ మాట్లాడుకుని కోనసీమ లంకలకి సాయానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం రా, వెళ్ళండి. కాకపోతే మీ లిస్టు ఫోన్‌లో చదివి వినిపించింది, అది విన్నాక ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోయా, సర్వీసంతా ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుగా, తర్వాత సూపర్‌వైజర్‌గా ఆ బురదలో తిరిగినదాన్ని కదా, నోరు ఊరుకోదు.

ముందు ఆ పాత బట్టల మూటలు దింపేయండి. వరద తీశాక చూడు, చిరిగిన చీరలూ ఎవరికీ సరిపోని జీన్సులూ రోడ్డు పక్కన కుప్పలు పడుంటాయి, వాటిని ఎత్తిపోసే పని మళ్ళీ పంచాయతీ వాళ్ళ నెత్తిన. ఇవ్వాలంటే కొత్త లుంగీలు, నైటీలు, దుప్పట్లు, ప్యాడ్లు ఇవ్వండి. ప్యాడ్లు మాత్రం మీతో వచ్చే ఆడపిల్లలతోనే పంచించు.

పాల డబ్బాలు కూడా వద్దు, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నా. బాలింత చక్కగా పాలిస్తూ ఉంటుంది, ఎవరో డబ్బా చేతిలో పెడతారు, ఆ పౌడర్ వరద నీళ్ళలో కలిపి కడగని సీసాతో పడతారు, రెండు రోజులకి పిల్లాడికి విరేచనాలు. తల్లి పాలు లేని బిడ్డ ఉంటే అక్కడి ఆశా వర్కర్‌కి తెలుస్తుంది, ఆమెనే అడుగు. అసలు బయల్దేరే ముందే ఆ ఊరి ఆశాకో ఏఎన్ఎంకో ఫోన్ చెయ్యి, ఏ ఇంట్లో మంచం మీదున్న ముసలాయన ఉన్నాడో, ఎవరి బీపీ షుగర్ మాత్రలు కొట్టుకుపోయాయో, ఎవరు టీబీ మందులు వాడుతున్నారో వాళ్ళు గడగడా చెప్తారు. టీబీ మందులు మధ్యలో ఆగకూడదు, తెలుసుగా.

అన్నం ప్యాకెట్లంటావా, సాంబారన్నం మధ్యాహ్నానికే పాసిపోతుంది, పులిహోర అయితే సాయంత్రం దాకా ఆగుతుంది. పంచేటప్పుడు గట్టు దగ్గర మొదలెట్టకు, ఊరి చివర నుంచి మొదలెట్టు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ముంచినప్పుడు కూడా ఇదే గోల, ఫ్లైఓవర్ దగ్గర ఉన్నవాళ్ళకి దొరికినట్టు లోపలి సందుల్లో వాళ్ళకి దొరకలేదు. ప్యాకెట్ ఇస్తూ ఫొటోలు దిగడం లాంటి వేషాలు వద్దు, ముసలాళ్ళు సిగ్గుతో తల తిప్పుకుంటారు.

ఇక నీళ్ళు. లంకల్లో మనుషులకి అసలు గండం వరద తీశాకే మొదలవుతుంది రా. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక, అంత నీరు కిందికొస్తే ఇక్కడ బావులూ బోర్లూ మరుగుదొడ్లూ అన్నీ ఏకం. బురద నీళ్ళలో క్లోరిన్ బిళ్ళ వేస్తే పని చెయ్యదు, ముందు పటిక తిప్పి తేర్చి, పాత పంచె మడతపెట్టి వడగట్టి, అప్పుడు ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం బిళ్ళ వేసి అరగంట ఆగి తాగమనాలి. ఈ మాట చెప్పి ఊరుకోకు, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని చేసి చూపించు, చుట్టుపక్కల ఆడవాళ్ళు వాళ్ళే చేరతారు. బ్లీచింగ్ మూట కొనేటప్పుడు వాసన చూడు, ముక్కు అదరకపోతే అది సుద్దపొడి కిందే లెక్క, వదిలెయ్. బావిలో వేశాక క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న కిట్‌తో, చూడమని ఏఎన్ఎంని అడుగు, ఆ కిట్‌లో నీళ్ళు పసుపు రంగుకి తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు.

విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎక్కువ పట్టుకెళ్ళండి. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా మీద కుప్పగా కాకుండా అంచుకి సమంగా తలకొట్టి వెయ్యాలి, ఉప్పు మాత్రం ఎక్కువ కాకూడదు.

పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రగాడి దగ్గరికి పోవడం ఏమీ వద్దు, కరిచిన కాలు కదలకుండా పెట్టి పడవ మీదైనా సరే విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి, అది ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకో.

మీ సంగతి. కాలికి దెబ్బ ఉన్నవాడు నీళ్ళలోకి దిగకూడదు, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) అలాగే వస్తుంది. గమ్‌బూట్లు కొనుక్కోండి, ముందుగా మందు వేసుకోవాలా అన్నది డాక్టర్‌ని అడగండి, సొంత వైద్యం వద్దు.

ఇంకొకటి, అందరూ ఒకేసారి పోకండి రా. మొదటి రెండు రోజులు నాయకులూ టీవీ వాళ్ళూ అక్కడే ఉంటారు, భోజనానికి లోటుండదు. నీరు తీసిన వారానికి అడిగే నాథుడుండడు, జ్వరాలు అప్పుడే మొదలవుతాయి. సగం మంది అప్పటికి ఉండండి, డబ్బులు కూడా సగం అప్పటికే దాచండి. మార్చిన లిస్టు నాకు వాట్సాప్ చెయ్యి, ఎవరెవరు టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారో పేర్ల పక్కన రాసి మరీ పంపు.

మీ అత్తయ్య