కెరీర్ ప్రశ్నలు: ఒక్క వాట్ చుట్టూ పదేళ్ల పని

ప్ర: ఎలక్ట్రికల్‌లో ఎం.టెక్. చివరి ఏడాదిలో ఉన్నాను. ఇంధన పొదుపు విధానాలపై అంతర్జాతీయ స్థాయిలో పరిశోధన చేయాలనుంది. ఆ పని ఎలా ఉంటుంది? దేనితో మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, వరంగల్

జ: స్టాండ్‌బై కరెంటు సంగతి తీసుకోండి, పని తీరు తెలిసిపోతుంది. రిమోట్‌తో ఆపేసిన టీవీ కూడా కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో అలాన్ మయర్ ఈ వృథాను లెక్కగట్టారు. స్టాండ్‌బైలో ఏ పరికరమూ 1 వాట్ దాటకూడదన్న ప్రతిపాదనను ప్యారిస్‌లోని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ముందుకు తెచ్చింది. 2001లో అమెరికా తన ప్రభుత్వ కొనుగోళ్లకు దాన్ని నియమం చేసింది. స్టాండ్‌బై కరెంటును ఎలా కొలవాలో చెప్పే ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 62301 ప్రమాణం 2005లో వచ్చింది. యూరప్‌లో చాలా గృహోపకరణాలకు అది చట్టపరమైన పరిమితి అయింది 2010లో. ఒక్క అంకె చట్టం కావడానికి పదేళ్లు పట్టిందన్నమాట. ఆ ఓపిక ఉంటేనే ఇటు రండి.

మొదట కొలవడం నేర్చుకోండి. సెట్‌టాప్ బాక్స్ తీగకు క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ తగిలించి కరెంటును కొలిచేది) పెట్టి, ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్-ఆంపియర్లు. స్టాండ్‌బైలో పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వంతు) బాగా పడిపోతుంది కాబట్టి ఆ అంకె అసలు వాట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రావచ్చు. 0.01 వాట్ వరకు చూపే పవర్ ఎనలైజర్ కావాలి. మీ కాలేజీ ల్యాబ్‌లో ఉందేమో అడగండి.

అసలు తప్పులు జరిగేది తర్వాతి మెట్టులో. బాక్స్ 8 వాట్లు లాగుతుందనుకోండి. రోజుకు 20 గంటల చొప్పున ఏడాదికి 58 యూనిట్లు, 10 లక్షల ఇళ్లకు 5.8 కోట్ల యూనిట్లు. కానీ ఆ 20 గంటలు ఎక్కడివి? అమెరికా ఇళ్లలో చాలా ప్లగ్గులకు పక్కన స్విచ్ ఉండదు. మన ఇళ్లలో ఉంటుంది, పడుకునే ముందు కట్టేసేవాళ్లూ ఉంటారు. విదేశీ గంటలను మన లెక్కలో పెడితే పొదుపు అంకె ఉబ్బిపోతుంది, దాని మీద రాసిన విధానమూ తప్పుతుంది. అందుకే ఓ యాభై ఇళ్లలోనైనా, రెండు వారాలపాటు ప్లగ్ మీటర్లు పెట్టి చూడండి. అన్నీ ఒకే అపార్ట్‌మెంట్‌లో వద్దు. ఆ డేటాను విశ్లేషించడానికి పైథాన్‌గానీ ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషగానీ వచ్చి ఉండాలి. గణాంక శాస్త్రంలో శాంప్లింగ్ పాఠం మళ్లీ చదవండి.

ఫలితాన్ని పేపర్‌గా రాయండి. ఇంధన పొదుపు పరిశోధకుల సదస్సులు రెండున్నాయి: యూరప్‌లో ఈసీ ట్రిపుల్ ఈ (eceee) సమ్మర్ స్టడీ, అమెరికాలో సరి సంవత్సరాల్లో ఏసీ ట్రిపుల్ ఈ (ACEEE) వారి భవనాల సమ్మర్ స్టడీ. సారాంశం నెలల ముందే పంపాలి.

ప్ర: పీహెచ్‌డీ తప్పనిసరా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జ: జాతీయ ప్రయోగశాలల్లో సొంతంగా పరిశోధన నడిపించాలంటే దాదాపు తప్పనిసరి. కన్సల్టెన్సీలకు, ఎనర్జీ ఆడిట్ పనులకు అక్కర్లేదు. కొంత పని అనుభవం వచ్చాక బీఈఈ (కేంద్ర ప్రభుత్వ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయండి. అందులో నాలుగు పేపర్లుంటాయి.