60 పేపర్లు చదివాను, రివ్యూ మాత్రం రావడం లేదు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. తాగునీటిలో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతులపై రివ్యూ పేపర్ రాయమన్నారు మా గైడ్. 60 పేపర్లు చదివి ఒక్కోదానికి ఒక్కో పేరా రాసి చూపిస్తే ‘ఇది రివ్యూ కాదు’ అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి? పీహెచ్‌డీకి ఇది పనికొస్తుందా?

జవాబు: మీ గైడ్ చెప్పింది నిజమే. ఎవరు ఏం చేశారో వరుసగా చెప్పుకుంటూ పోతే చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ 60 పేపర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకేం అర్థమైందో చెప్పాలి. మీ చదువు వృథా పోలేదు. కాకపోతే కొన్నాళ్లు రాయడం ఆపి, ఎక్సెల్‌లో పట్టిక వేయండి.

పేపర్‌కు ఒక వరుస. వాడిన పదార్థం, మొదట నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్, పీహెచ్, ఒక గ్రాము పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు పట్టుకుంది, ప్రయోగం ల్యాబ్‌లో కలిపిన నీళ్లతోనా, బోరు నీళ్లతోనా? ఈ చివరి గడిని అస్సలు వదలొద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసిన ప్రయోగాలే మీకు ఎక్కువగా కనిపిస్తాయి. భూగర్భజలంలో బైకార్బొనేట్, ఫాస్ఫేట్ లాంటివి కూడా ఉండి ఫ్లోరైడ్‌తో పోటీపడతాయి. ఫ్లోరైడ్ గాఢత బాగా ఎక్కువ పెట్టి చూపిన సామర్థ్యాన్ని తక్కువ గాఢతలో వచ్చిన అంకెతో పోల్చడం కూడా సరికాదు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మామూలు బోరు నీటిని ఆ స్థాయికి తేగలదా అన్న ఒక్క ప్రశ్నను ప్రతి పద్ధతికీ వేయండి. పేపర్ మొత్తం దాని చుట్టూ నిలబడుతుంది.

అప్పుడు శీర్షికలు కూడా వాటంతటవే వస్తాయి. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో రూపొందించిన ‘నల్లగొండ టెక్నిక్’ చవకైనదే, కానీ నీళ్లలో మిగిలే అల్యూమినియం, అడుగున చేరే బురద దాని సమస్యలు. ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా అనే పదార్థం పీహెచ్ మారితే సరిగా పనిచేయదు. ఆర్వోలో చాలా నీరు వృథా పోతుంది. మీ జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది కాబట్టి ఆ భాగాన్ని మరింత శ్రద్ధగా రాయండి.

పరిశోధన పేపర్లు వెతికే స్కోపస్, గూగుల్ స్కాలర్‌లో ఏ పదాలతో, ఏ తేదీన వెతికారో, ఏ పేపర్లను ఎందుకు వదిలేశారో రాసిపెట్టుకోండి. సిస్టమాటిక్ రివ్యూ (ముందే పెట్టుకున్న నియమాలతో పేపర్లన్నీ వెతికి రాసేది) అయితే, అలాంటి వాటి కోసమే ఉన్న ప్రిస్మా 2020 చెక్‌లిస్టులోని 27 అంశాలూ పాటించాలి. మీ స్థాయికి అంశాలవారీగా వివరిస్తూ పోయే మామూలు నెరేటివ్ రివ్యూ చాలు. రిఫరెన్సులు సర్దుకోవడానికి జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితం. అసలు పేపర్‌ను మూసేసి మీ మాటల్లో రాయండి. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు గానీ, దాన్ని కాపీకి అనుమతి అనుకోవద్దు. అబ్‌స్ట్రాక్ట్, పరిచయం ఆఖర్న రాసుకోండి.

పీహెచ్‌డీకి తప్పకుండా పనికొస్తుంది. పట్టికలో ఖాళీగా మిగిలిన గడులే రేపు ఇంటర్వ్యూలో మీరు చెప్పబోయే పరిశోధన అంశం. జర్నల్ విషయంలో జాగ్రత్త. నమ్మదగిన జర్నళ్ల పేర్లతో ఇచ్చే ‘కేర్’ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది కాబట్టి, స్కోపస్‌లో ఉందో లేదో మీరే చూసుకోవాలి. డబ్బు కడితే వారంలో వేస్తామనే మెయిళ్లకు జవాబివ్వకండి. కొన్ని జర్నళ్లు తాము అడిగినవారి రివ్యూలే వేసుకుంటాయి. అందుకే పంపే ముందు అబ్‌స్ట్రాక్ట్‌తో ఎడిటర్‌కు మెయిల్ రాసి, తీసుకుంటారో లేదో కనుక్కోండి.