అల్లుడూ, లోగో తర్వాత, ముందు కాలవ లోతు కొలు

ఒరే అల్లుడూ,

నీ మెసేజ్ చూసేను, దాంతోపాటు పంపిన లోగో కూడా చూసేను, బావుంది, మధ్యలో మన పట్టుచీర అంచు వేయించేవు, చుట్టూ వీధి పేరు మూడు భాషల్లో. ఒక మాట చెప్తాను కోపం తెచ్చుకోకు. సంఘం పెట్టి పది రోజులు కాలేదు, లోగో వచ్చీసింది, ఫ్లెక్సీ వచ్చీసింది, వాట్సాప్ గ్రూపు, దానికి నలుగురు అడ్మిన్లు, పొద్దున్నే అరవై గుడ్ మార్నింగులు, అన్నీ వచ్చీసేయి గానీ వీధి చివర కాలవలో చెత్త మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది, పాల పేకెట్టుకి వెళ్ళినప్పుడల్లా ముక్కు మూసుకుని చూసి వస్తున్నాను.

బెంగుళూరు ఉద్యోగం ఇంటినించే చేసుకుంటూ ఒడిశాలో మన బరంపురంలోనే ఉండిపోతానన్నావు, మీ నాన్న పైకి ఏమీ అనడు గానీ లోపల ఎంత సంతోషంగా ఉన్నాడో నాకు తెలుసు. ఊరికి ఏదైనా చెయ్యాలని ఉంది అత్తా, ఎలగ మొదలెట్టాలో చెప్పు అన్నావు కదా, అందుకే రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఇంకో కాల్ వస్తోంది అంటావు.

నేను 1984 నించి 2020 జనవరిలో వీఆర్ఎస్ తీసుకునేదాకా టెలిఫోన్లోనే పనిచేసేను కదా, అందులో చాలా ఏళ్ళు 198 డెస్కు. మీకు ఆ నంబరు తెలీదు, ఇంట్లో ఫోను చచ్చిపోతే పక్కింటికి వెళ్ళి 198 కి చేసేవాళ్ళు, మేం రాసుకుని ఒక నంబరు చెప్పేవాళ్ళం. ఆ నంబరు కాయితమ్ముక్క మీద రాసుకుని మూడో రోజు "మేడమ్, ఫలానా నంబరు ఏమైంది" అని అడిగినవాడి ఫోను ముందు బాగయ్యేది. "మొన్న చెప్పేను కదండీ, ఎవరో ఆడగొంతు, రాసుకుంటానన్నారు" అనేవాడు మళ్ళీ వరస చివరికి వెళ్ళిపోయేవాడు. మేం చెడ్డవాళ్ళమని కాదు, అవతల మూడొందల కంప్లైంట్లు ఉంటే నంబరున్నదే కళ్ళకి కనిపిస్తుంది. నేను ఊరి పని గురించి నేర్చుకున్నది సగం ఆ కుర్చీలోనే నేర్చుకున్నాను, కుర్చీకి ఇవతలి వైపు వచ్చేక ఇంకా బాగా తెలిసింది.

అంచేత ముందు ఒక్క పని పట్టుకో, ఒక్కటే. నీ లిస్టులో పద్నాలుగు ఉన్నాయి, మొక్కలు, సీసీ కెమేరాలు, లైబ్రరీ, యోగా, కుక్కలకి ఆపరేషన్లు, అన్నీ మంచివే, కాలవ ఒక్కటి ఉంచి మిగతావి కొట్టీ. ఎందుకంటే కాలవ అందరికీ కంపే, వానొస్తే అందరి గుమ్మంలోకీ నీళ్ళే, ఎవడూ నాకొద్దు అనడు.

కాలవ గురించి వెళ్ళి "చాలా పూడిపోయింది సార్" అనకు. ఎనిమిదేళ్ళ కిందట నేనూ, ఎదురింటి ఒడియా మౌసీ, మూలింటి కుట్టుమిషను పిల్లా కలిసి ఏం చేసేమో చెప్తాను. ఒక వెదురుబద్ద తీసుకుని దాని మీద అరడుగుకొకటి చొప్పున ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీతలు పెట్టేం, ఆ పిల్లదే ఐడియా, పెయింటు ఎందుకు పెద్దమ్మా ఇది ఉంది కదా అంది. వీధి మొదలు నించి చివర దాకా పది చోట్ల పలక లేపి ఆ బద్ద దింపి ఫొటో తీసేం. మొదట్లో మూడడుగుల లోతు ఉన్న కాలవ, గుడి దగ్గరికి వచ్చేసరికి అడుగున్నర, చివర కల్వర్టు దగ్గర బద్ద దింపితే జానెడు కూడా దిగలేదు, కింద ఏటుందో చూస్తే ఎవరిదో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కాంక్రీటు గడ్డకట్టి ఉంది. అంటే వీధంతా తవ్వక్కర్లేదు, ఆ ఒక్క చోట పగలగొడితే చాలు! ఆ పది ఫొటోలూ వరసగా అతికించి ఇస్తే కార్పొరేషన్ జూనియర్ ఇంజినీరు, జేఈ గారు మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని చూసేరు. అంతకుముందు రెండేళ్ళు మేం నోటితో చెప్పింది ఆయన నిలబడే వినేవారు.

ఇప్పుడది మళ్ళీ పూడింది, అది వేరే సంగతి, మూడేళ్ళుగా ఎవరూ బద్ద దింపలేదు, నాకు మోకాళ్ళు. ఈసారి నువ్వు దింపు.

దరఖాస్తు ఎవరికివ్వాలో ముందు తేల్చుకో. మనవాళ్ళు ఏదొచ్చినా కార్పొరేటర్ ఇంటికి పరిగెడతారు, ఆయనేం చేస్తాడు పాపం, సరే చూస్తాను అంటాడు. కాలవ, చెత్త, వీధి దీపం కార్పొరేషన్‌వి. కుళాయి నీళ్ళు వాట్కో, అదే నీళ్ళ కంపెనీ. స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మరు కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్, అదే 2021 జనవరికి ముందు సౌత్‌కో అనేవాళ్ళం, మీ నాన్న ఇప్పటికీ అలాగే అంటాడు. పెద్ద రోడ్డు అయితే అది ఎవరి చేతిలో ఉందో అడిగి తెలుసుకోవాలి, కొన్ని ఆర్ అండ్ బీ వాళ్ళవి. ఒకరి పని ఇంకొకరికి రాసి ఇస్తే అది టేబుల్ మీద పడుకుంటుంది, వాళ్ళని తిట్టుకుంటూ మనం ఇంట్లో కూర్చుంటాం. ఇచ్చినప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్ళు, మన కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ, డైరీ నంబరు వేయించుకో, వెయ్యకపోతే అక్కడే నిలబడు, నవ్వుతూ నిలబడు. ఆ నంబరే నీ 198 నంబరు అనుకో. రాష్ట్ర ప్రభుత్వం ఫిర్యాదుల పోర్టల్ జన్ సునానీలో పెట్టినా అంతే, వచ్చిన నంబరు స్క్రీన్‌షాట్ తీసి వదిలీకు, పుస్తకంలో ఎక్కించు, ఫోను మారిస్తే స్క్రీన్‌షాట్లు ఎక్కడికి పోతాయో ఆ దేవుడికే ఎరుక. సోమవారాలు కలెక్టరు గారి గ్రీవెన్స్ కూడా ఉంటుంది, కానీ అక్కడికి మొదటే వెళ్ళిపోకు, కిందవాళ్ళకి ఇచ్చిన రెండు డైరీ నంబర్లు చేతిలో పెట్టుకుని వెళ్తే ఆ మాట విలువే వేరు.

ఇంకోటి, ఒడియాలో రాయి. నువ్వు ఇంగ్లీషు మీడియం, ఒడియా మాటాడతావు గానీ రాత కోడి గీకినట్టు ఉంటుంది, నాకు తెలుసు. మౌసీ వాళ్ళాయన రిటైర్డ్ హెడ్మాస్టరు, ముత్యాల్లాంటి అక్షరాలు, వెళ్ళి "ఆజ్ఞా, టికే లేఖి దేబే", కాస్త రాసిపెడతారా అండీ అని అడుగు, ఆయన రాస్తే ఆయన కూడా మన పనిలోకి వచ్చినట్టే, సాయంత్రం వాకింగ్‌లో పదిమందికి ఆయనే చెప్తాడు, నీ ఫ్లెక్సీ కంటే అది నయం.

దీని మీదే ఒక మాట. గ్రూపులో ఎవరో దీన్ని తెలుగు సంఘం చేద్దాం అన్నారట, నువ్వు లైకు కూడా కొట్టేవట. తెలుగు సంఘం కావాలంటే విడిగా పెట్టుకో, ఉగాదికి పచ్చడి చేద్దాం, పద్యాలు చదివిద్దాం, నేనూ వస్తాను. కాలవకి మాత్రం వద్దు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజు ఒరిస్సా రాష్ట్రం వచ్చింది, సరిహద్దు గీత అటు జరిగింది, మా తాత ఇల్లు మాత్రం జరగలేదు, అదే గుమ్మం అదే అరుగు. అప్పట్నించి మన ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, తిట్టుకోడానికి రెండూ. రజో పండక్కి మౌసీ పొడొపిఠా, అదే కాల్చిన పిండివంట, పంపిస్తుంది, మనం అట్లతద్దికి అట్లు పంపిస్తాం, ఇలాంటి చోట ఒక భాష వాళ్ళకే సంఘం అంటే రెండో భాష వాళ్ళ గుమ్మం ముందు చెత్త ఎవరు ఎత్తాలి మరి? ఏప్రిల్ ఒకటిన ఉత్కళ దివస్‌కి, అదే ఒడిశా పుట్టినరోజుకి, జెండా దగ్గర నువ్వు కూడా నిలబడు, అంతే.

మనవాళ్ళకి సంఘం నడపడం రాదు అనుకోకు. ఠాకురాణీ జాతర చూడు, రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది, దేసిబెహరా వీధిలో అమ్మవారిని నిలబెడతారు, రాత్రిళ్ళు ఘటం తిరుగుతుంది, పులివేషాలు, ఊరు ఊరంతా రోడ్డు మీదే, అంత జనానికి నీళ్ళు ఎవరిస్తున్నారు, దారి ఎవరు చేస్తున్నారు, ముసలమ్మకి కుర్చీ ఎవరు వేస్తున్నారు. ఆ పని చేసే ఆడవాళ్ళు ప్రతి వీధిలో నలుగురైదుగురు ఉంటారు, వాళ్ళ పేర్లు ఏ కమిటీలోనూ ఉండవు. నీ కమిటీలో చూసేను, పదకొండుమంది, పదకొండుమందీ మగాళ్ళే, అందులో ముగ్గురు భువనేశ్వర్లో ఉంటారు! ఇదేటిరా?

సన్మానాల గురించి అడిగేవు. చెయ్యి, తప్పు లేదు. 1894లో వి.వి.గిరి గారు పుట్టింది ఈ బరంపురంలోనే, రాష్ట్రపతి అయ్యేరని అందరూ చెప్తారు, అంతకుముందు 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులని కూడగట్టి సమ్మె నడిపించేరని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అలాగే బరువులెత్తే మన కాటులు రవికుమార్, 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో 69 కిలోల్లో బంగారం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి, ఆ రోజు మా ఆఫీసులో టీవీ ముందు అందరం నిలబడిపోయేం. ఆ ఫొటో ఫ్లెక్సీ మీద వేసి దండెయ్యడం సులువు, పదివేలు అయిపోతాయి. ఆ పదివేలతో వీధి పిల్లలు బరువులెత్తడం నేర్చుకునే గదిలో ఒక ఫ్యాను, రెండు లైట్లు, కింద రబ్బరు మేటు వేయించొచ్చు, నేనైతే అదే చేస్తాను. పట్టుచీరకి జీఐ, అదే ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు, వచ్చింది అని లోగోలో అంచు పెట్టేవు కదా, ఫొడా కుంభ అంచు, చాలా బావుంది, మన వీధిలో ఇంకా మగ్గం మీద కూర్చునేవాళ్ళు ఎంతమంది మిగిలేరో ఒకసారి లెక్కపెట్టి రా, తర్వాత సన్మానం ఎవరికో మాటాడదాం.

రిబ్బను మాత్రం కార్పొరేటర్‌తోనే కత్తిరించు. 42 వార్డుల్లో ప్రతి ఒక్కరూ డబ్బు మాకే కావాలి అంటారు, మన పని ఆయన తన పని అనుకుంటేనే మీటింగులో నోరు తెరుస్తాడు. ఫొటోలో ఆయన మధ్యలో ఉంటే నీకేటి పోయింది. 2022లో మేయరుకి కూడా మనమే సూటిగా ఓటేసేం కదా, ఆ లెక్కన అడిగే హక్కు ఉంది, కానీ మొదటి ఏడాది ఏ పార్టీ కండువా మెడలో వేసుకోకు, డబ్బు తీసుకోకు. నీకే నిలబడాలని ఉంటే అదీ తప్పు కాదు, ముందే అందరికీ చెప్పీ, దాచి పెట్టకు.

ఎంతకీ కదలకపోతే ఆర్టీఐ, అదే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో ఫారం ఎ నింపాలి, పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. "కాలవ ఎందుకు తియ్యలేదు" అని రాయకు, ఎందుకు అనే ప్రశ్నకి వాళ్ళు జవాబివ్వక్కర్లేదు. "ఫలానా తేదీ ఫలానా డైరీ నంబరు దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారో ఆ కాయితాల కాపీలు, ఈ వీధి కాలవ పూడికకి గత మూడేళ్ళలో అయిన బిల్లుల కాపీలు" అని అడుగు. ఒకసారి ఒక ఆఫీసులో, ఏదో చెప్పను, ఈ రెండో లైను రాసేక నాలుగో రోజే మనుషులు పారలు పట్టుకుని వచ్చీసేరు. కానీ మొదటి అస్త్రంగా వాడీకు, మన మౌసీ మేనల్లుడు కూడా ఒక ఆఫీసులోనే చేస్తున్నాడు, రోజంతా ఆర్టీఐలకి జవాబులు రాస్తే పని ఎప్పుడు చేస్తాడు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. మీ నాన్నకి కొంచెం తెలుసు, అంతా తెలీదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, నువ్వప్పుడు చదువుకి బయట ఉన్నావు. 1999లో సూపర్ సైక్లోన్ అనగానే అందరూ అక్టోబరు 29 అంటారు, అంతకు ముందు 17నే మన గంజాం మీద ఒకటి పడింది, ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను, కాబట్టి గాలికి కొత్త కాదు నేను. అయినా ఫైలిన్ రాత్రి తలుపు నా వీపుతో ఒత్తిపట్టి కూర్చున్నాను. పొద్దున్న చూస్తే వీధిలో వేపచెట్టు అడ్డంగా, కరెంటు లేదు, నీళ్ళు లేవు. నేనే ఇంటికి వంద చొప్పున నలభై ఆరిళ్ళ దగ్గర చందా ఎత్తేను, రంపం మిషను అద్దె, పెట్రోలు, కూలీలు, మధ్యాహ్నం అందరికీ ఖిచిడీ. నాలుగువేల ఆరొందలు వచ్చింది. రాసుకున్నానా అంటే మొదటి రెండు రోజులు రాసుకున్నాను, తర్వాత చీకట్లో కొవ్వొత్తి దగ్గర ఎవరు రాస్తారు అని ఊరుకున్నాను. వారం పోయేక లెక్క చూస్తే మూడువేల నాలుగొందలకి బిల్లులున్నాయి, మిగతా పన్నెండొందలు దేనికయ్యాయో నాకే గుర్తు రాలేదు. ఎవరూ అడగలేదు, అదే భయం వేసింది, కుళాయి దగ్గర నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. అప్పుడు ఇంకో తప్పు చేసేను, నా జీతంలోంచి పన్నెండొందలు తీసి ఇంటింటికీ పాతిక, ముప్ఫై తిరిగిచ్చీసేను. ఇంకేముంది, చూసేరా తినకపోతే ఎందుకిస్తుంది అన్నారు! రెండేళ్ళు ఎవరింటికీ పేరంటానికి వెళ్ళలేదు నేను. ఆ రోజే నలుగుర్నీ అరుగు మీద కూర్చోబెట్టి ఇంత వచ్చింది, ఇంతకి కాయితం ఉంది, ఇంతకి లేదు, తప్పు నాది అని చెప్పీసుంటే పది నిమిషాల్లో అయిపోయేది.

అందుకే డబ్బు నీ ఫోన్‌పేలోకి ఒక్క రూపాయి కూడా రానీకు. ఇద్దరి పేరు మీద బ్యాంకు ఖాతా, అందులో ఒకరు ఆడమనిషి, రసీదు పుస్తకం కార్బన్ పేపరుతో, నెలకోసారి లెక్క గుడి గోడ మీద అంటించు, గ్రూపులో పెడితే గుడ్ మార్నింగుల కింద కొట్టుకుపోతుంది.

పూడిక వానలకి ముందే తియ్యాలి కదా, జూన్ వచ్చేక బురదలో ఎవరూ దిగరు, ఫిబ్రవరిలోనే దరఖాస్తు పడాలి. ఆదివారం పొద్దున్న రా, నా పాత ఫైలు ఇస్తాను, బద్ద కూడా అటక మీదే ఉంది, గీతలు చెరిగిపోయి ఉంటాయి. వచ్చీటప్పుడు ఒక పుస్తకం కొనుక్కునిరా, రెండొందల పేజీలది, స్పైరల్ వద్దు, కుట్టిందే తీసుకో, స్పైరల్ అయితే పేజీ చింపినా ఎవరికీ తెలీదు.

మీ అత్త