బుజ్జికి, శ్రమ దినాలు మొదలయ్యే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఇది ఈస్టరు ముందు నలభై రోజులు ఉపవాసం ఉంటుందంట, నువ్వన్నా చెప్పు" అని ఏడ్చినంత పని చేసింది. పొద్దున్నే నువ్వు ఉపవాసానికి వేసుకున్న షీటు కూడా వాట్సాప్‌లో పంపింది. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. రంగులు బావున్నాయి. నిజం చెప్పాలంటే ముందు నాకు సంతోషం వేసింది, మీ అమ్మకి ఆ మాట అనలేదు గానీ, ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని కాసేపు నవ్వుకున్నాను. క్రిస్మస్‌కి కొత్త బట్టలు కట్టుకున్నప్పుడు తప్ప గుడి మొహం చూడని పిల్లవి, హైదరాబాదులో ఎవరూ చెప్పేవాళ్లు లేని చోట, నీ అంతట నీకే దేవుణ్ణి వెదకాలని అనిపించిందంటే తక్కువ సంగతా.

ఆ తర్వాత భయం వేసింది. 38 ఏళ్లు నర్సు పని చేశాను కదా, నా భయాలన్నీ ఒంటి నుంచే మొదలవుతాయి.

కాబట్టి ఒంటి సంగతి ముందు అయిపోగొడతా. నీళ్లు మానొద్దు. థైరాయిడ్ మాత్ర మానొద్దు. కళ్లు తిరిగితే ఆ రోజుకి అక్కడితో ఆపెయ్, దేవుడేం నీ హాజరు పట్టీ దిద్దుతూ కూర్చోడు. సాయంత్రం ఖాళీ కడుపులో టీ పోసుకోకు, ముందు గంజో మజ్జిగో తాగి తర్వాత అన్నం తిను. మీ హాస్టల్లో రంజాన్ ఉపవాసాలుండే అమ్మాయిలుంటే (ఈసారి రెండూ ఒకే వారంలో మొదలవుతున్నాయి) సహరీకి, అదే తెల్లారకముందు, ఏం తింటారో అడుగు, ఈ విషయంలో వాళ్లకున్న తెలివి మనకి లేదు. పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నీ హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర ఉందని నేనే చూశాను, మర్చిపోయాననుకోకు. డాక్టరు వద్దంటే వద్దు, అంతే.

ఇంకోటి, నీ షీటులో లెక్క తప్పు. ఫిబ్రవరి 18 భస్మ బుధవారాన్ని ఒకటో రోజుగా పెట్టి వరసగా కిందికి లాగేశావు. నలభై ఎక్కడ తేలిందో చూశావా? మార్చి 29న. అది మట్టల ఆదివారం తల్లీ! అంటే సరిగ్గా శ్రమల వారం మొదలయ్యే వేళకి నీ ఉపవాసం అయిపోతుంది, ప్రభువు గాడిదపిల్ల మీద యెరూషలేములోకి వస్తుంటే నువ్వు బిర్యానీ ఆర్డరు పెట్టుకుంటావు. బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా మొత్తం 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు, ఏ ఆదివారమైనా పునరుత్థాన దినమే కదా, ఆ రోజు ఉపవాసం ఉండరు. అవి తీసేస్తే 40. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3న, ఈస్టరు 5న. ఆదివారాలు కూడా ఉపవాసం ఉంటే ఇంకా ఎక్కువ పుణ్యం అనుకుంటున్నావేమో, లేదు, తిను.

షీటు పైన లూకా సువార్త మాట రాసుకున్నావు, "తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను" అని. మంచి మాటే ఎంచుకున్నావు. ఆ "ప్రతిదినము" మత్తయిలో లేదు, మార్కులో లేదు, లూకా ఒక్కడే రాశాడు. సిలువని నలభై దినములే ఎత్తికొమ్మని మాత్రం ఎవరూ రాయలేదు, అది గుర్తుంచుకో.

ఇక ఆ గ్రూపు సంగతి. రోజూ టిక్కు పెట్టి "డే వన్ డన్" అని పది మందికీ పంపుతానని రాశావే, అది నాకు నచ్చలేదు. ఉపవాసం ఉన్నప్పుడు తల అంటుకొని మొహం కడుక్కోమన్నాడు ప్రభువు, పక్కవాడికి తెలియకూడదని. అయితే దీని మీద నేను గట్టిగా మాట్లాడలేను. ఎందుకంటే నా కాలంలో నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్క పిట్టకి కూడా తెలియనివ్వలేదు, ఆ చెప్పకపోవడంలోనే నాకు ఎంత గర్వం ఉండేదో నీకు తెలియదు. మీ అమ్మకీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నది ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1984. నాకు పాతికేళ్లు. ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సంబంధాలు చూస్తున్నారు, ఒక్కటీ కుదరట్లేదు, లోపల అదో కారణం అనుకో, పైకి మాత్రం దేవుణ్ణి వెదకడానికే అని నాకు నేనే చెప్పుకున్నాను. పగలంతా ఏమీ తినకూడదు, నలభై రోజుల్లో కొత్త నిబంధన మొత్తం చదివెయ్యాలి. 260 అధ్యాయాలు, రోజుకి ఆరున్నర. నీలాగే నాకూ పట్టీ ఉండేది, మందుల కంపెనీ వాళ్లిచ్చిన డైరీలో ఎర్ర ఇంకుతో టిక్కులు.

ఎనిమిదో రోజు. నైట్ డ్యూటీ. ఆడవాళ్ల జనరల్ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక ముసలామె, గుండె జబ్బు, కాళ్లు రెండూ వాచి ఉన్నాయి. మిరపకోతల రోజులు. కొడుకులూ కోడళ్లూ చీకటితోనే చేలోకి పోవాలి, కూలి పోతే గడవదు, అందుకని ఆ రాత్రికి ఇంటికి వెళ్లిపోయారు. పక్కన మనిషి లేదు. నేను నాడి చూశాను, మందులిచ్చాను, చార్టు రాశాను, అన్నీ సక్రమంగా చేసి టేబుల్ దగ్గర లైటు కింద బైబిలు తెరిచాను. పగలు నిద్రపోయాను కాబట్టి మూడు అధ్యాయాలు బాకీ.

"అమ్మాయ్, టైమెంతయింది?" అంది. ఒంటిగంట అన్నాను. పది నిమిషాలకి మళ్లీ అడిగింది. చెప్పాను. మళ్లీ అడిగింది.

మంచి సమరయుడి కథ చదువుతుండగా ఇలా జరిగిందని చెబితే ప్రసంగానికి బావుంటుంది, కానీ కాదు. నేను చదువుతున్నది లూకా మూడో అధ్యాయంలో వంశావళి. హేలీ, మత్తతు, లేవి, అలా డెబ్బై పైచిలుకు పేర్లు. ఒక్కటీ బుర్రకెక్కట్లేదు, నీరసానికి అక్షరాలు అలుక్కుపోతున్నాయి, ఆమె పిలిచినప్పుడల్లా ఎక్కడున్నానో తప్పిపోయి మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వస్తోంది. పైగా గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోయారు గానీ నేను మేలుకునే ఉన్నాను కదా అని లోపల ఒక గొప్ప. తల ఎత్తకుండానే రెండుంపావు అన్నాను. రెండున్నర అన్నాను. ఒకసారి మాత్రం "తెల్లార్లూ ఇదేనా మామ్మా, పడుకో" అని కసిరాను.

మూడు దాటాక అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ రాత్రి మిగతా సంగతులు కొన్ని మసకబారాయి, ఆ హమ్మయ్య మాత్రం 42 ఏళ్లుగా చెవిలో అలాగే ఉంది. బాకీ పూర్తి చేసి ఎర్ర టిక్కు పెట్టాను. ఐదింటికి టెంపరేచర్ చూడ్డానికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

డాక్టరుగారు కేస్ షీట్ చూసి, నువ్వు చేయగలిగిందేమీ లేదమ్మా, వచ్చేనాటికే అంత ముదిరిపోయింది అన్నారు. అదీ నిజమే. మందు ఆలస్యం కాలేదు, రాత తప్పు లేదు, నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ వేళప్పుడు ఆమెకి టైముతో పనేముంది, ఏ బస్సు ఎక్కాలని? మనిషి గొంతు వినపడాలని అడిగింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటే సరిపోయేది. దేవుణ్ణి వెదుకుతున్నానని నేను కూర్చున్న కుర్చీకీ ఆమె మంచానికీ మధ్య పది అడుగులుంటాయేమో.

డ్యూటీ దిగి తిన్నగా పాస్టరు అయ్యగారింటికి వెళ్లి అంతా చెప్పాను. వాక్యం ఏదో తీసి చదువుతారనుకున్నా. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లోపలికి తిరిగి అమ్మగారితో "ఈ పిల్లకి అన్నం పెట్టు" అన్నారు. చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. ఏడుస్తూ తిన్నాను. ఎనిమిది రోజులకే నా నలభై రోజులు అయిపోయాయి. సాయంత్రం వాళ్ల పల్లెకి వెళ్లాను, మట్టి చేసి వచ్చారు అప్పటికే. పెద్దకొడుకు నాకు మంచినీళ్లిచ్చి "రాత్రి మా అమ్మ దగ్గర మీరున్నారు కదమ్మా, అదొక్కటే మాకు ధైర్యం" అన్నాడు. చెప్పాల్సింది. నేనేమీ చెప్పలేదు. నీళ్లు తాగి వచ్చేశాను.

ఉపవాసం వద్దని దీన్నంతా రాయట్లేదు. ఆకలి మంచిదే, మనిషిని మెత్తబరుస్తుంది, అయితే నన్ను మెత్తబరచలేదు, కరుకు చేసింది, ఎందుకంటే నా కళ్లన్నీ డైరీ మీదే ఉన్నాయి. నీకు కోపం ఎక్కువ, ఆకలేస్తే మరీ ఎక్కువ (మీ తాతయ్య పోలిక). మధ్యాహ్నం మూడింటికి రూమ్మేట్ మీద అరిచావనుకో, ఆ రోజు గడిలో టిక్కు ఎలా పెడతావో నాకు చూడాలని ఉంది.

మీ అమ్మమ్మని చూడు. మా చిన్నప్పుడు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, ఆదివారం ఆ మూట గుడికి. శ్రమ దినాలొస్తే పిడికెడు కాస్తా రెండు పిడికిళ్లయ్యేది. ఇంట్లో ఐదుగురం, మాకే చాలని రోజులవి. ఆమె ఎన్నడూ దాన్ని ఉపవాసం అనలేదు. ఆ రెండో పిడికెడు ఎవరి కంచంలో తగ్గిందో నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ తట్టలేదు. నీ షీటులో ఎనిమిది గడులున్నాయి, మానేసిన భోజనం డబ్బు ఎక్కడికి పోతుందనే గడి ఒక్కటీ లేదు. మీ హాస్టల్లో గిన్నెలు తోమే ఆమెకి ఎంతమంది పిల్లలో ఎప్పుడైనా అడిగావా? అడుగు. తర్వాతేం చెయ్యాలో నీకే తెలుస్తుంది.

అసలు నేను ఇంత పొడుగు రాస్తున్నది ఏడో గడి గురించి. "సాయంత్రం 6 నుంచి 9 వరకు ఫోన్ ఆఫ్, దేవునితో ఏకాంతం." చదవగానే నాకు ఆ వార్డు గుర్తొచ్చింది.

ఏడున్నరకి ఎవరు ఫోన్ చేస్తారు నీకు? మీ అమ్మమ్మ, 86 ఏళ్ల మనిషి, నంబరు నొక్కడం రాదు, పక్కింటి పిల్లాణ్ణి బతిమాలి చేయించుకుంటుంది. అడిగేవి మూడే ముక్కలు, తిన్నావా, ఏం కూర, ఎప్పుడొస్తున్నావు. నువ్వు స్పీకర్లో పెట్టి లాప్‌టాప్ చూసుకుంటూ ఊ కొడతావని నాకు తెలుసు, తిట్టట్లేదు, నేనూ అలాగే చేశాను, తల ఎత్తకుండా రెండున్నర అన్నాను. నలభై రోజులు ఆ ఫోన్ మోగి మోగి ఆగిపోతే ఆమె ఏమనుకుంటుందో ఆలోచించావా? నాకైతే నువ్వు నలభై రోజులు పస్తులున్నా ఇంత భయం లేదు. యెషయా 58 తీసి చదువు, దేవుడు తనకిష్టమైన ఉపవాసం ఏదో చెబుతూ ఆకలిగొన్నవాడికి పెట్టమన్నాక వెంటనే అంటాడు, "నీ రక్త సంబంధికి ముఖము తప్పింపకుండుటయు" అని. ముఖం తప్పించడం అంటే ఇప్పుడు ఫోన్ ఆఫ్ చేసుకోవడమే కదే.

ఏకాంతం ఎనిమిదికి పెట్టుకో. ఇన్‌స్టాగ్రామ్ నలభై రోజులు కాదు నాలుగు వందల రోజులు మానుకో, నేను అడ్డం రాను. ఈస్టరుకి మాత్రం ఇంటికి రా, తెల్లవారుజామున సమాధుల తోటలో తాతయ్య దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు కావాలి, నా మోకాళ్లు ఇక నన్నే మొయ్యట్లేదు.

ఏడున్నరకి ఫోన్ ఎత్తు. "తిన్నావా" అంటుంది. ఉపవాసం అన్నావంటే రాత్రంతా పడుకోదు, తినకుండా తిన్నానంటే అబద్ధం. అందుకని ఆరింటికే ఇంత తినేసి ఉండు. ఏం కూరో కూడా అడుగుతుంది, వట్టి మజ్జిగన్నం అంటే ఒప్పుకోదు.

నీ పెద్దమ్మ