రిపోర్టులో 'ఈ. కోలై' అని ఉంది, భయపడాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకి నాలుగేళ్లు. విరేచనాలైతే పరీక్ష చేయించాం. 'ఈ. కోలై పెరిగింది' అని రిపోర్టు వచ్చింది. మా బావి నీళ్ల రిపోర్టులోనూ అదే పేరు. అది అందరి పేగుల్లోనూ ఉండేదేనని మావారంటున్నారు. పాప ఇప్పుడు బాగానే ఆడుకుంటోంది గానీ నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, మీవారు అన్నది నిజమే. 1885లో ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు ఈ బ్యాక్టీరియాను మొదట గుర్తించింది పసిపిల్లల మలంలోనే. చాలా రకాలు మనల్ని ఏమీ చేయవు. విషం తయారుచేసే, లేదా వేరే విధంగా జబ్బు తెచ్చే జన్యువులున్న కొన్నిటితోనే ప్రమాదం. కాబట్టి ఉత్త 'ఈ. కోలై' అన్న మాటతో పాప జబ్బుకి కారణం తేలినట్టు కాదు.

విజయనగరంలో మా ల్యాబ్‌లో రోజూ చూస్తుంటాను. మెకాంకీ అగార్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) మీద మంచిదీ చెడ్డదీ ఒకేలా గులాబీ రంగులో పెరుగుతాయి. అందులోని లాక్టోజ్ అనే చక్కెరకి బదులు సార్బిటాల్ అనే మరో తీపి పదార్థం కలిపిన ప్లేటు మీదైతే ఓ157:హెచ్7 రకం రంగు లేకుండా పాలిపోయి కనిపిస్తుంది. దాన్ని గాజు పలక మీద సరైన యాంటీసీరమ్ (ఆ రకాన్ని పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవం) చుక్కలో కలిపితే క్షణాల్లో విరిగిన పాలలా పలుకులు కడుతుంది. 1982లో అమెరికాలో హాంబర్గర్లు తిన్నవాళ్లలో బయటపడిన రకం ఇది. ఇది తయారుచేసే 'షిగా' అనే విషం రక్త విరేచనాలు తెస్తుంది, చిన్నపిల్లల కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకి 50 మందికి పైగా ప్రాణాలు తీసిన ఓ104:హెచ్4 మాత్రం ఈ ప్లేటుకి చిక్కే రకం కాదు. మన పిల్లలకి నీళ్ల విరేచనాలు తెచ్చే రకాలూ అంతే. అందుకే పీసీఆర్ అనే జన్యు పరీక్షతో ఆ జబ్బు తెచ్చే జన్యువులనే నేరుగా వెతకాలి.

పాప ఆడుకుంటోంది కాబట్టి ఆ రిపోర్టు పట్టుకెళ్లి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనకండి. షిగా రకమైతే కొన్ని యాంటీబయాటిక్‌ల వల్ల విషం ఇంకా ఎక్కువ విడుదల కావచ్చు. విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, ముఖం పాలిపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నాకు అసలు దిగులు మీ బావి గురించి. తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ. కోలై కూడా ఉండకూడదు. ఏ రకమైనా సరే, అది కనిపించిందంటే నీళ్లలో మలం కలుస్తోందన్నమాటే. 2024లో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ఎంత గోస పెట్టిందో మనందరం చూశాం. ఈ రోజు నుంచే నీళ్లు బాగా మరగకాచి తాగండి. మరుగుదొడ్డి గుంత బావికి దగ్గరలో ఉందేమో చూడండి. ఆరోగ్య కార్యకర్తను అడిగి బావిలో తగినంత బ్లీచింగ్ వేయించి, తర్వాత నీళ్లు మళ్లీ పరీక్షకి పంపండి.